అఖిల ముట్టని ఓట్స్ బిస్కట్లు

ములుగు ఘనపూర్,
24 ఫిబ్రవరి 2025.

శైలజక్కకు గోరీ నమస్కారాలు.

నేనెవరో తెలియక ఉత్తరం పక్కన పడేస్తారేమోనని ముందే చెప్పేస్తున్నాను. మొన్న కార్తీకంలో మహేశ్ గారు రెండో పెళ్లి చేసుకున్నది నన్నే. మీ అక్క సుజాత గారు సర్దుకున్న వంటింట్లో, ఆమె కొనుక్కున్న గిన్నెల్లో ఇప్పుడు నేను వండుతున్నాను. ఏ డబ్బాలో ఏముందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఉప్పు అనుకుని వంటసోడా వేసిన పప్పును ఒకరోజు ముగ్గురం నోరెత్తకుండా తిన్నాం.

మీకు మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తారు, నేను "అక్కా" అనగానే పెట్టేశారు. నాకు కోపం వచ్చింది. సాయంత్రం ఆయన గని నుంచి వచ్చాక చెబితే తల పట్టుకున్నారు. నేను వాడుతున్న నంబరు సుజాత గారిదట. అంటే మీ ఫోన్లో ఆమె పేరే పడింది. చనిపోయిన ఏడాదిన్నరకు అక్క నంబరు నుంచి ఎవరో "అక్కా" అంటే మీకెట్లా ఉండి ఉంటుందో అప్పుడు తట్టింది నాకు. క్షమించండి. ఆ నంబరు నుంచి ఇక చేయను.

నేను అడగాలనుకున్నది అఖిల గురించి. తొమ్మిదేళ్ల పిల్ల, నాలుగో తరగతి. గొడవ చేయదు, ఎదురు చెప్పదు. అన్నం పెడితే తింటుంది, తిన్న గిన్నె తనే కడుక్కుంటుంది, జడ తనే వేసుకుంటుంది. పాపిట వంకరగా వస్తే చేయి పెట్టి సరిచేద్దామని నాకుంటుంది, తల అటు తిప్పేస్తుంది. మొన్న ఊరికే కూర్చున్నప్పుడు "నీకేం ఇష్టమే?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అమ్మ చేసే ఓట్స్ బిస్కట్లు. గవ్విటికి ఓవెన్ ఒద్దు. పొయ్యి మీద జరసేపే" అంది. నాలుగు నెలల్లో ఈ పిల్ల నాతో అన్న అన్నిటికన్నా పెద్ద మాట ఇదే.

అవి ఎట్లా చేసేవారో ఆయనకు తెలియదు. తినడం తెలుసు. మీకు తెలిసి ఉంటుందని రాస్తున్నాను.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. బడి సెలవుల్లోగా పిల్ల ఇక్కడ కుదురుకోకపోతే టీసీ తీసుకుని జనగామ పంపిస్తానని ఆయన మీ నాన్న ప్రభుదాస్ గారికి మాటిచ్చారు. మీ దగ్గర పెరుగుతుందట. నాకు పంపడం ఇష్టం లేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. నాకు ఆ పిల్ల కావాలి, అంతే.

అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ మంగ్లి నాకొకటి చెప్పింది. మా తండాలో దేవుడికి పెట్టే తీపిని వండినవాళ్లు ముందు రుచి చూడరు. "పిల్ల నీ చేతి తీపి తినేదాకా నువ్వూ తీపి ముట్టకు" అంది. అప్పటి నుంచి టీలో చక్కెర కూడా లేదు నాకు. పిల్ల తనంతట తాను అడిగిందే ముందు చేద్దామని ఇంతవరకు ఏ తీపీ వండలేదు. తొందరగా రాయండి అక్కా.

గోరీ


జనగామ,
3 మార్చి 2025.

గోరీ గారికి,

ఉత్తరం అందింది. ఫోన్ చేయవద్దు. రాస్తే చదువుతాను.

కప్పు చక్కెర, పావు కప్పు పాలు, రెండు చెంచాల వెన్న, రెండు చెంచాల కోకో పొడి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరగగానే దించి కప్పున్నర ఓట్స్ కలపండి. వెన్న రాసిన పళ్లెంలో చెంచాతో కొంచెం కొంచెం వేస్తే ఆరి గట్టిపడతాయి. మా అక్క ఇట్లాగే చేసేది.

మీ ఉత్తరంలో "నాకు ఆ పిల్ల కావాలి" అని రాశారు. పిల్ల అంగట్లో సరుకు కాదు, నచ్చిందని సంచిలో వేసుకోవడానికి. మా ఇంటి పిల్ల, తల్లి లేని పిల్ల. నాకు స్టేషన్ దగ్గర సొంత టైలరింగ్ షాపుంది, పెళ్లి పేరంటం లేవు, పిల్లను చూసుకోవడానికి బోలెడంత తీరిక ఉంది. ఎదురుగానే బడి. బిస్కట్లు చేసి పెడితే పిల్లలు కుదురుకుంటారని నేనైతే ఎక్కడా వినలేదు.

అయినా చేసి పెట్టండి. అడిగింది కాబట్టి.

శైలజ


గార్ల దగ్గర మా తండా నుంచి,
17 మార్చి 2025.

శైలజక్కకు,

హోలీకి పుట్టింటికి వచ్చాం. అఖిలను కూడా తెచ్చాను. కరెంటు లేదు, గడప మీద కూర్చుని రాస్తున్నాను. మా తమ్ముడు హరీశ్ ఇంకా రంగు వదలని చేతులతో నా పెన్ను పట్టుకున్నాడు. ఈ పచ్చ మరకలు వాడివే.

మీరు రాసినట్టే చేశాను. సరే, మీరు రాసినట్టే అంటే అబద్ధం. మొదటిసారి ఆయన గని నుంచి వస్తూ భూపాలపల్లిలో కొని తెచ్చిన ఓట్స్ ప్యాకెట్‌లో టమాటా మసాలా కలిసి ఉంది. కోకో పొడి, చక్కెర, దాని మీద మసాలా. ఇల్లంతా ఒక వాసన వచ్చింది, దానికి పేరు లేదు. "జర చూసుకొని తేవద్దా?" అంటే "ఓట్స్ అంటే ఓట్సే గదా, నాకేమెరుక?" అన్నారు. పక్కింటి గేదె కూడా మూతి తిప్పుకుంది.

రెండోసారి మంచి ఓట్స్‌తో చేశాను. మరగగానే దించాను. ఆరలేదు. గంటైనా, పూటైనా పళ్లెంలో జావలాగే ఉంది. గిన్నెలో వేసి చెంచా పెట్టి ఇచ్చాను. అఖిల గిన్నెలోకి చూసింది, నా మొహం చూసింది. "ఒద్దు" అంది. గిన్నె మాత్రం తీసుకెళ్లి ఎక్కడో పెట్టుకుంది. తర్వాత చూస్తే కడిగి బోర్లించి ఉంది. తిన్నదో పారేసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక్కడికొస్తే ఇంకా తికమక. హోలీ నాడు తండా అంతా ఒకచోట వండుకున్నాం. మా అమ్మ పాయసం గిన్నె పట్టుకుని పిల్ల వెంట పడింది. మా అమ్మకు తెలుగు తక్కువ, ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి పిల్లకు మా భాష రాదు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. అఖిల అమ్మ పక్కనే కూర్చుంది, ఉడకబెట్టిన శనగ గుడాలు తింది, కోడికూర రెండుసార్లు పెట్టించుకుంది. రంగులాడింది. మా పిల్లలతో కలిసి డప్పు దగ్గర ఎగిరింది కూడా. పాయసం మాత్రం నోట పెట్టలేదు. మా వంట అంటే అసహ్యమా అంటే, కోడికూర మా వంట కాదా? నేనంటే కోపమా అంటే, పాయసం వండింది మా అమ్మ కదా? ఆమె మీద కోపమెందుకు?

నాకేమీ పాలుపోవడం లేదు. మీ అక్క ఇంకేమన్నా వేసేవారా? ఏదో ఒకటి మీరు మరిచిపోయి ఉంటారు. కొంచెం గుర్తు చేసుకోండి అక్కా.

గోరీ


జనగామ,
24 మార్చి 2025.

గోరీ గారికి,

నేను ఏదీ మరిచిపోలేదు. మీరే మరగగానే దించేశారు. కళపెళ మరిగాక ఒక నిమిషం పూర్తిగా ఉంచాలి. గడియారం చూసుకోండి. నిమిషం తక్కువైతే జావ, ఎక్కువైతే పొడిపొడి. అన్నట్టు వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి గుప్పెడు వేయండి, నెయ్యి ఒక చెంచా. మా అక్క నెయ్యితోనే చేసేది.

రుచి చూడకుండా వండేదేం వంటండీ! మీ అమ్మగారి మాట మీద నాకు గౌరవమే. కానీ ఉప్పు పడిందో చక్కెర పడిందో తెలియకుండా పిల్లకు పెడితే ఎవరు తింటారు? మీరు ఒక్క చెంచా నాలుక మీద వేసుకుంటే సగం బాధ తీరిపోయేది. టీ కూడా చప్పగా తాగుతున్నారా? నాలుగు నెలలా? మీకు మతి ఉందా?

పిల్ల తండాలో డప్పు దగ్గర ఎగిరిందా? మా వాళ్లలో ఎవరూ ఎగరరు. జుట్టు పొడుగైందా? రంగు ఎవరిది, వాళ్ల నాన్నదా, అక్కదా? ఎడమచేత్తో రాస్తుందా? మా అక్క ఎడమచేత్తోనే రాసేది, నాన్న కొట్టి మాన్పించారు. ఇవన్నీ రాయండి. ఊరికే అడుగుతున్నాను.

పాయసం సంగతి నాకూ అర్థం కాలేదు.

శైలజ


ములుగు ఘనపూర్,
2 ఏప్రిల్ 2025.

శైలజక్కకు,

ముందు మీరు అడిగినవి. జుట్టు నడుము దాకా ఉంది. రంగు వాళ్ల నాన్నది. ఎడమచేత్తోనే రాస్తుంది, ఎవరూ కొట్టడం లేదు.

మీరు చెప్పినట్టు గడియారం చూసి ఒక నిమిషం మరిగించాను. పల్లీలు వేశాను, నెయ్యి వేశాను. మొదటి ఉత్తరంలో వెన్న అన్నారు, ఇప్పుడు నెయ్యి అన్నారు, ఏది నిజమో తెలియక ఇంత అది ఇంత ఇది వేశాను. అక్కా, ఎంత బాగా వచ్చాయనుకున్నారు! పళ్లెంలోంచి తీస్తే టక్కుమని ఊడాయి. ఆయన ఒకేసారి ఆరు తిని "సేమ్ సుజాత చేసినట్లే ఉన్నయ్" అన్నారు. ఆ మాటకు నాకు సంతోషమూ వేసింది, ఇంకేదో కూడా వేసింది. అది వదిలేయండి.

అఖిల నాలుగు తీసుకుంది. నోట పెట్టలేదు. నోట్‌బుక్ కాగితంలో చుట్టుకుని లోపలికి వెళ్లింది.

ఉగాది నాడు పూర్ణం పెట్టి బక్షాలు చేశాను, ముట్టలేదు. పచ్చట్లో బెల్లం ఉందని అది కూడా ఒద్దంది. మామిడికాయ ముక్క మాత్రం ఉప్పద్దుకుని తింది.

ఇవాళ పొద్దున ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద చీమల బారు కనిపించింది. దాని వెంట పోతే రేకు డబ్బా. మూత తీశాను. నేను చేసిన బిస్కట్లు, ఆ రోజు జావగా వచ్చింది కూడా ఎండి ముద్దై, కాగితాల్లో చుట్టి ఉన్నాయి. బడిలో ఎవరి పుట్టినరోజుకో ఇచ్చిన చాక్లెట్లు ఉన్నాయి. మా అమ్మ బలవంతంగా చేతిలో పెట్టిన బెల్లం ముక్క కూడా ఉంది. తినదు, పారేయదు, దాచిపెడుతుంది. ఇదేం పిల్లమ్మా!

డబ్బా కింద ఒక పుస్తకం. ఆఖరి అట్ట లోపల పెన్సిల్ గీతలు. వరుసగా, శ్రద్ధగా. ఇవాళ బడికి పోయేముందు పెట్టిన దానితో కలిపి ఇరవై అయిదు. మార్చి అయిదు అని మొదటి గీత కింద రాసుకుంది. ఆదివారాలకు గీత లేదు. బడి రోజులు లెక్కపెడుతోందేమో అనుకున్నాను. కానీ హోలీకి బడి లేదు, తండాలో ఉన్నాం, ఆ రోజుకూ గీత ఉంది. మొన్న రంజాన్ సెలవుకూ ఉంది. మరి ఏం లెక్క ఇది? ఎంత ఆలోచించినా నాకు ఒకటే తడుతోంది. జనగామ పోవడానికి ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటోంది. తీపి కూడా మీ ఇంటికొచ్చాక తిందామని దాచుకుంటోంది.

చీమలు దులిపి, అన్నీ ఉన్నట్టే పెట్టేశాను. తర్వాత పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. గీతలు పెట్టుకుని ఎదురు చూసే పిల్లను కట్టేసి ఉంచడం పాపం అక్కా. టీసీ తీసుకోమని ఆయనతో నేనే చెప్తాను. మీరు కోరుకున్నట్టే అయింది.

గోరీ


జనగామ,
8 ఏప్రిల్ 2025.

గోరీ,

ఆగు. ఆయనతో ఏమీ చెప్పకు. చెప్పేసి ఉంటే వెనక్కి తీసుకో.

మార్చి అయిదు బుధవారం. ఆ రోజు నుంచి ఈస్టర్ దాకా మా చర్చిల్లో శ్రమదినాలు. నలభై రోజులు. ఆదివారాలు లెక్కలోకి రావు, అయినా మానేసింది ఆ రోజూ ముట్టం. ఒక్కొక్కరు ఒక్కొక్కటి మానేస్తారు, మాంసమో, టీనో. మా ఇంట్లో మా అమ్మ మా ఇద్దరితో తీపి మాన్పించేది. చిన్నప్పుడు ఎవరైనా చాక్లెట్ ఇస్తే తినేవాళ్లం కాదు, డబ్బాలో దాచుకుని ఈస్టర్ పొద్దున తినేవాళ్లం. మా డబ్బాకూ చీమలు పట్టేవి.

నీ ఉత్తరం షాపులో చదివాను. ఎవరిదో బ్లౌజు కుడుతూ గీతల దగ్గరికొచ్చేసరికి నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. గోరీ, నేను కూడా మార్చి అయిదు నుంచి తీపి ముట్టలేదు. తెలుసా? నేనే ఆ నలభై రోజుల్లో ఉండి, నీకు చక్కెర కొలతలు రాసి పంపుతూ కూర్చున్నాను. పాయసం తినలేదని నువ్వు రాస్తే నాకూ అర్థం కాలేదని రాశాను! నాకన్నా మొద్దు మనిషి ఈ జనగామలో ఉండదు.

ఎందుకు తట్టలేదో చెప్పాలి. అక్క తండా అబ్బాయి మహేశ్‌ను చేసుకుని వెళ్లిపోయాక ప్రార్థన మానేసిందని నాన్న అన్నారు. తండా వాళ్లలో కలిసిపోయిందన్నారు. నేను నమ్మాను. అడిగి తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే పదేళ్లు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. పండక్కి పండక్కి ఫోన్లో ఆమె పేరు వెలిగేది, ఆగిపోయేదాకా చూస్తూ కూర్చునేదాన్ని. నీ ఫోన్ కూడా అట్లాగే మూడుసార్లు చూశాను. నాలుగోసారి ఎందుకు ఎత్తానో నాకే తెలియదు.

ఆ ఓట్స్ బిస్కట్లు నేను ఎన్నడూ తినలేదు. అక్క వాటిని పెళ్లయ్యాకే ఎక్కడో నేర్చుకుని ఉంటుంది. నీకు రాసినవన్నీ ఫోన్లో వీడియోలు చూసి రాశాను. ఒక వీడియోలో వెన్న, ఇంకోదాంట్లో నెయ్యి. "మా అక్క ఇట్లాగే చేసేది" అని రాసిన ప్రతిసారీ అబద్ధమే రాశాను. ఆమె వంట నాకు తెలియదని నీకు చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది.

అక్క ఏదీ మానలేదు. పిల్లకు కూడా నేర్పింది. ఇంట్లో ఒక్కతే, చెప్పేవాళ్లు లేకుండా, తొమ్మిదేళ్ల పిల్ల వాళ్లమ్మ కోసం గీతలు పెట్టుకుంటోంది.

పిల్లను ఏమీ అడగకు. ఈ నెల పద్దెనిమిది శుభ శుక్రవారం, ఇరవై ఈస్టర్. మీ ఊళ్లో చర్చి ఉంటే ఆ రోజు తెల్లవారకముందే తీసుకెళ్లు. నువ్వు లోపలికి రాకపోయినా ఎవరూ ఏమీ అనరు, వచ్చినా ఏమీ అనరు. తిరిగొచ్చాక ఏం జరిగిందో నాకు రాయి.

శైలజ


ములుగు ఘనపూర్,
21 ఏప్రిల్ 2025.

శైలజక్కా,

నిన్న నాలుగింటికి లేపాను. "చర్చికి పోదామా?" అన్నాను. అఖిల మంచం మీద లేచి కూర్చుని నన్ను అట్లా చూసింది, దొంగతనం బయటపడ్డట్టు. "నీకెట్లెరుక?" అంది. శైలజ చిన్నమ్మ చెప్పిందన్నాను. గౌను తనే వేసుకుంది. దువ్వెన మాత్రం తెచ్చి నా చేతికిచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. ఎంత సరిచేసినా పాపిట వంకరగానే వచ్చింది.

చర్చిలో నేను చివర్న కూర్చున్నాను. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా లేచాను, కూర్చున్నాను. అఖిల రెండుసార్లు తిరిగి చూసి నవ్వు ఆపుకుంది.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను, సుజాత గారు ఇట్లా ఉండేవారని మీకు తెలియదా అని. "ప్రతి ఎండకాలం తీపి మానేసేది. షుగరొస్తదని భయమేమో అనుకున్న" అన్నారు. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్లిపోయారు.

డబ్బా బయటికొచ్చింది. నేను చేసినవి రాళ్లయిపోయాయి. అఖిల వాటిని పక్కన పెట్టి, "గిప్పుడు చేద్దాం. అమ్మ గుడ చర్చికెల్లి ఒచ్చినంకనే చేసేది" అంది. స్టూలెక్కి నిలబడి నాకు పనులు చెప్పింది. చక్కెర కాదంట, బెల్లం. పాలు కాదంట, నీళ్లు రెండు చెంచాలు. పల్లీలు, నువ్వులు. "ఒద్దొద్దు, చెంచా ఒద్దు, చేతితోని ఒత్తాలె" అంది. మీరు చూసి రాసిన వీడియోల్లో ఒక్కటీ ఇది కాదక్కా. వేడివేడిగా అరచేతిలో ఒత్తుతుంటే చేతులు కాలాయి, ఇద్దరం అరుచుకుంటూ చేశాం.

ఇప్పుడు వినండి. మొదటిది అఖిల తినలేదు. నా నోటి దగ్గర పెట్టింది. నేను "ముందు నువ్వు" అన్నాను. "నువ్వు గుడ తినలే గదా నలభై దినాలు. నేను చూసిన. టీల చక్కెర గుడ ఏసుకోలే. అమ్మ కోసమే గదా?" అంది.

తినేశాను. అప్పుడు తనూ తింది. రెండు, మూడు, నాలుగు. తింటూ నా పక్కకు జరిగి కూర్చుంది.

అక్కా, ఇప్పుడు నేనేం చేయాలి? నాకు శ్రమదినాలు తెలియవు. సుజాత గారి కోసం నేను ఏదీ మానలేదు. మా అమ్మ చెప్పిందని, ఈ పిల్ల నాకు దక్కాలని మానేశాను. కార్తీకం నుంచే మానేశాను. ఈ పిల్ల ఇంకోలా అనుకుని నా దగ్గరికొచ్చింది. చెబితే మళ్లీ దూరం జరుగుతుందేమో. చెప్పకపోతే ఇక జీవితమంతా ఆ మాట మీదే ఉండాలి. సంతోషపడాలో భయపడాలో తెలియక నిన్నటి నుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఇరవై ఆరున ఆయన పిల్లను సెలవులకు మీ దగ్గర దింపుతారు. ఈలోపే రాయండి.

గోరీ


జనగామ,
23 ఏప్రిల్ 2025.

గోరీ,

అర్జెంటు పోస్టులో వేస్తున్నాను, అందుతుందనుకుంటాను.

చెప్పు. నేను పదేళ్లు ఒకటి అనుకుని కూర్చున్నాను, అడగలేదు, అక్క చెప్పే వీలు ఇవ్వలేదు. ఆ పిల్ల కూడా అట్లా అనుకుంటూ పెరగకూడదు. దూరం జరిగితే జరుగుతుంది. నాకు లాభమే కదా, నా దగ్గరికొస్తుంది! లేదు, ఈ మాట కొట్టేయాలనుకున్నాను. కొట్టేసినా నీకు కనిపిస్తుంది. ఉండనీ.

శైలజ


(అఖిల బట్టల సంచిలో పెట్టిన చీటీ)

ములుగు ఘనపూర్,
26 ఏప్రిల్ 2025.

శైలజక్కా,

నిన్న చెప్పాను. నేను నీ కోసం మానేశాను, మీ అమ్మ కోసం కాదు, నాకా సంగతే తెలియదు అని. అఖిల ఏమీ అనలేదు. కాసేపు కూర్చుని ఆడుకోవడానికి పోయింది. రాత్రి మామూలుగా అన్నం తిని పడుకుంది. పొద్దున జడ తనే వేసుకుంది.

టీసీ సంచి అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉంది. నిన్న నేనే బడికి వెళ్లి తెచ్చాను. ఆయన ఒద్దన్నారు. మీ నాన్న గారికి మాటిచ్చాక ఇచ్చినట్టే అని నేనే పట్టుబట్టాను. జ్వరమొస్తే కషాయం తాగదు, మాత్ర మింగుతుంది. ఉరుము అంటే భయం, కానీ భయమని చెప్పదు, దగ్గరికొచ్చి ఊరికే ఏదో అడుగుతుంది. అప్పుడు అర్థం చేసుకోండి.

గోరీ


జనగామ,
3 జూన్ 2025.

గోరీకి,

నెల దాటింది, నీకు రాయలేదు. ఏం రాయాలో తేలక రాయలేదు.

పిల్ల వచ్చిన రోజే టీసీ చూశాను. ఎదురుగా ఉన్న బడిలో అప్లికేషన్ తెచ్చి నింపాను కూడా. నాన్న సంబరం అంతా ఇంతా కాదు, సైకిల్ కొనిచ్చారు. పిల్ల నాతో బాగుంది. నా షాపులో గుండీలు కుడుతుంది, ముక్కల గుడ్డతో బొమ్మలకు లంగాలు కుడుతుంది. రాత్రి నా పక్కన పడుకుని అక్క గురించి చెబుతుంది. అక్క కోపం వస్తే గిన్నెలు కడిగేదట. పాడేటప్పుడు చరణాలు మరిచిపోయి ఈల వేసేదట. నేను పోగొట్టుకున్న ఆ పదేళ్ల అక్కను ఈ పిల్ల రోజుకు కొంచెం చొప్పున నాకు ఇస్తోంది. ఇంత మాట్లాడుతుందని నువ్వెప్పుడూ రాయలేదు.

నీ సంగతి కూడా చెప్పింది. నేను అడగలేదు. "ఆమె ఉపాసం లేదంట చిన్నమ్మా. నేను తినేదాక తినొద్దనుకున్నదంట" అంది. మరి నీకు కోపం రాలేదా అన్నాను. "ఎందుకు? అమ్మ కోసం నేనున్న. నా కోసం ఆమె ఉన్నది" అంది. అని సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. నువ్వు నెల రోజులు అక్కడ ఏడ్చి ఉంటావు, నేను ఈ మాట అప్పుడే రాసి ఉండాల్సింది. రాస్తే పిల్ల నాకు దక్కదని తెలిసి రాయలేదు. నా మీద కోప్పడు.

ఇక్కడ నిన్ను "యాడి" అంటోంది. "మా యాడి గిట్ల కాదు చేసేది, యాడి నవ్వితె అస్సలు ఆగది" అని. అదేంటని అడిగితే "మా తండల గట్లంటరు" అని తప్పించుకుంది. షాపుకొచ్చే ఒక తండా ఆవిడను అడిగాను. మీ భాషలో అమ్మ అని చెప్పింది. నీ ముందు ఈ మాట అందో లేదో నాకు తెలియదు. అనకపోయి ఉంటే తెలియనట్టే ఉండు.

నాలుగు రోజుల కింద రాత్రి ఉరిమింది. నా దగ్గరికొచ్చి ఊరికే ఏదో అడుగుతుందని చూశాను. వచ్చింది. "చిన్నమ్మా, ఇంటికెప్పుడు పోదాం?" అంది. ఇది కూడా నీ ఇల్లే కదా అన్నాను. "అవును. గానీ మన ఇంటికెప్పుడు?" అంది.

అప్లికేషన్ చించేశాను. నాన్నతో చెప్పాను, ఆయన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడం మా ఇంట్లో అందరికీ వచ్చు. ఈసారి మాత్రం నేను ఊరుకోను, ఆయన పక్కన కూర్చుని నేనే మాట్లాడుతున్నాను.

శనివారం పొద్దున పిల్లను నేనే తీసుకొస్తున్నాను. హన్మకొండలో బస్సు మారాలని తెలుసు. అక్కడి నుంచి ఏమీ తెలియదు. అక్క పదేళ్లు కాపురం చేసిన ఇంటికి నేను ఒక్కసారీ రాలేదు. అంత్యక్రియలకు కూడా నేరుగా సమాధుల దగ్గరికే వచ్చి, అటు నుంచి అటే వెళ్లిపోయాను. ఘనపూర్‌లో బస్సు దిగి ఎటు నడవాలో తెలియదని అఖిలతో అంటే, అది గుడ్డముక్క మీద గుండీ కుడుతూ తలెత్తకుండానే అంది, "నాకెరికే చిన్నమ్మా. నువ్వు నా ఎనుకెనుక రా."

శైలజక్క